దరువుకి నూటికి నలభై ఒకటి



పోయిన ఆదివారం జీడి ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళ కూలి గురించి రాస్తానని మాటిచ్చాను. ఆ భాగం వాయిదా వేస్తున్నాను. మధ్యలో టెక్కలిలో ఒక సంగతి జరిగింది. అది రాయకుండా ముందుకి పోతే నాకు నిద్ర పట్టదు.

ఒక ఫంక్షన్ హాల్లో బడిపిల్లలకి ఒకరోజు శిబిరం పెట్టారు. పిల్లల నాట్యాన్ని కంప్యూటరు చూసి మార్కులు వేస్తుందట. ముందుముందు బడుల్లో ఇదే వస్తుందట. ఇప్పుడే అలవాటు పడితే మంచిదట. ఎవరు పెట్టారో పేరు రాయను. పేరు రాస్తే గొడవంతా ఆ పేరు మీదికి పోతుంది, నేను చెయ్యాలనుకున్న గొడవ అది కాదు. మా పేట నుంచి నలుగురు ఆడపిల్లలు వెళ్తామన్నారు. తోడు పెద్దవాళ్ళెవరైనా ఉండాలంటే నేను వెళ్ళాను. కాశీబుగ్గలో బస్సెక్కి, డప్పు ఒళ్ళో పెట్టుకుని. కండక్టరు డప్పుకి కూడా టికెట్ కొట్టమంటాడేమోనని పిల్లలు దారంతా నవ్వుకున్నారు. కొట్టలేదు.

నలుగురిలో ఒకతి మా అప్ప కూతురు. తొమ్మిదో తరగతి. మా అప్ప పలాసలో జీడిపిక్కలు కొడుతుంది, జీడిరసం తిని తిని ఆమె వేళ్ళు నల్లగా మొద్దుబారిపోయాయి. ఆ వేళ్ళు కూతురికి రాకూడదని మా అప్ప కోరిక. గుంట చదువులో పర్వాలేదు, ఆటలో మాత్రం మొనగత్తె. డప్పు మా పెద్దయ్య దగ్గర నేర్చుకుంది. ఆడపిల్ల డప్పు ముట్టుకోవడమేమిటని పేటలోనే కొందరు గొణిగారు. అది మన ఇంటి గొడవ, దాని మీద ఇంకో భాగం రాస్తాను, తప్పించుకోను.

హాల్లో స్టాండు మీద ఒక ట్యాబ్, పక్కన పెద్ద టీవీ. టీవీలో ముందు ఒక అమ్మాయి వీడియో వస్తుంది. పట్టుచీర, వడ్డాణం, తలలో పూలు, అరమండిలో నిలబడి నాలుగు అడుగులు. పిల్లలు అది చూసి చెయ్యాలి. చేస్తుంటే టీవీలో వాళ్ళ ఒంటి మీద పుల్లబొమ్మ ఒకటి గీస్తుంది. కీలు సరిగా వంగితే పచ్చచుక్క, వంగకపోతే ఎర్రచుక్క. చివర్లో నూటికి ఇన్ని అని మార్కు. టెక్కలి పట్నంలో డాన్స్ క్లాసుకి పోయే పిల్ల ఒకతికి ఎనభై ఎనిమిది వచ్చింది. బాగానే చేసింది, ఆ పిల్ల మీద నాకేం లేదు.

తర్వాత 'జానపదం' అని ఇంకో బటన్ నొక్కారు. ఈసారి రిఫరెన్స్ వీడియోలో లంగా ఓణీలేసుకున్న అమ్మాయిలు స్టూడియోలో, తెల్లటి గోడ ముందు, కోలాటం కర్రలతో నవ్వుతున్నారు. మీకు వచ్చిన జానపదం ఏదైనా చెయ్యొచ్చు అన్నారు. మా గుంట డప్పు భుజానికి తగిలించుకుని పెళ్ళి దరువు అందుకుంది. ఆ హాలు ఎప్పుడూ విననంత చప్పుడు. వెనక వంటవాళ్ళు గరిటెలు వదిలి వచ్చి నిలబడ్డారు.

మార్కు వచ్చింది. నలభై ఒకటి.

టీవీ మీద రెండు సూచనలు కూడా వచ్చాయి. వెన్ను నిటారుగా ఉంచండి. ఎడమ మోచేయి కనిపించడం లేదు.

కనిపించదు మరి, దాని ముందు డప్పు ఉంది. నడిపిస్తున్న కుర్రాడు, మంచివాడే, నిజంగా సాయం చేద్దామనే, "పాపా, ఆ డ్రమ్ పక్కన పెట్టి ఇంకోసారి ట్రై చెయ్యమ్మా, స్కోర్ పెరుగుతుంది" అన్నాడు.

గుంట నా వైపు తిరిగి అడిగింది. "మావా, డప్పు దించీసి డప్పు ఆడాలేటి?"

ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు ఆ యంత్రం ఏం చేస్తుందో మనం అర్థం చేసుకోవాలి. అర్థం చేసుకోకుండా తిట్టడం మనకి అలవాటు, ఆ అలవాటు వల్ల ఓడిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇది మంత్రం కాదు. గూగుల్ వాళ్ళు 2020లో బ్లేజ్‌పోజ్ అని ఒకటి తెచ్చారు. మామూలు ఫోన్ కెమెరాతో మనిషి ఒంటి మీద 33 చోట్ల చుక్కలు పెడుతుంది. ముక్కు, చెవులు, భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్ళు, మడమలు, ఇలా. అంతకు ముందు, 2017లో, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఓపెన్‌పోజ్ అని చేశారు. ఈ రకం యాప్‌లన్నీ ఇలాంటి పునాదుల మీద కట్టినవే. తుంటి, మోకాలు, మడమ మూడు చుక్కలు కలిపితే మోకాలి వంపు ఎన్ని డిగ్రీలో తెలుస్తుంది. రిఫరెన్స్ వీడియోలో ఆ వంపు ఎంత, నీ వంపు ఎంత, తేడా ఎంత. తేడా తక్కువైతే మార్కు ఎక్కువ. అంతే లెక్క.

ఇంకొక చిక్కుంది. ఒక పిల్ల నెమ్మదిగా చేస్తుంది, ఒక పిల్ల వేగంగా చేస్తుంది. రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా? దానికి ఒక కిటుకు ఉంది. ఒకదాన్ని అక్కడక్కడ సాగదీసి, అక్కడక్కడ కుదించి, రెండోదానికి అతికించడం. మాటలు గుర్తుపట్టే యంత్రాల కోసం సకోయె, చిబా అనే ఇద్దరు జపాను వాళ్ళు రాసిన 1978 నాటి వ్యాసం దీనికి ఇప్పటికీ దిక్కు. (పలాస 1978 అంటే మనకి గుర్తొచ్చేది వేరు, దాని దగ్గరికీ వస్తాను.) నాట్యాన్ని పోల్చే పరిశోధనల్లో ఈ కిటుకు మామూలు.

ఇప్పుడు డప్పు తెలిసినవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచించండి. కాలాన్ని సాగదీసి అతికిస్తే దరువులో ఏం మిగులుతుంది? పెళ్ళి దరువుకీ సావు దరువుకీ మోకాలి వంపులో ఎన్ని డిగ్రీల తేడా ఉంటుంది? తేడా అంతా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడంలో ఉంటుంది. ఆగిన చోట ఉంటుంది. ఆ ఎడాన్నే యంత్రం 'సరిచేసి' పారేస్తే, పెళ్ళిపందిట్లో సావు దరువు వాయించినా దానికి ఒకటే.

ఒళ్ళు సంగతి చూడండి. డప్పు ఎడమ భుజం నుంచి వేలాడుతుంది. ఎడమచెయ్యి దాని అంచు మీద ఆనుకుని సన్నపుల్ల ఆడిస్తుంది, కుడిచెయ్యి లావుపుల్లతో కొడుతుంది. ఆ బరువుని మోస్తూ ఆడేవాడి వెన్ను ముందుకి వంగకపోతే పడిపోతాడు. కూచిపూడి పిల్ల వెన్ను నిటారుగా ఉంచడం ఎంత విద్యో, డప్పు పిల్ల వెన్ను వంచడం అంత విద్య. యంత్రానికి మొదటిది విద్య, రెండోది దోషం. తప్పెటగుళ్ళు ఆడే గొల్లోళ్ళ సంగతి ఇంకా ఘోరం. రేకులు గుండె మీద కట్టుకుని రెండు చేతులతో వాయిస్తూ ఎగురుతారు. చేతులు ఎంతసేపూ గుండె మీదే. పుల్లబొమ్మలో చూస్తే ఎవడో దణ్ణం పెట్టుకుని గెంతుతున్నట్టుంటుంది. పైగా ఆ రోజు ఆ ట్యాబ్ ఒకసారికి ఒక్క మనిషినే పట్టుకుంది. మా నలుగురు పిల్లలు గుండ్రంగా తిరుగుతుంటే చుక్కలు ఒకరి ఒంటి మీంచి ఇంకొకరి ఒంటి మీదికి దూకాయి. గుంపుగా ఆడేదాన్ని ఒంటరి చేస్తే తప్ప అది మార్కు వెయ్యలేదు.

ఇది ఆ కుర్రాడి తప్పు కాదు. గూగుల్ ఇంజినీరు మా పేట మీద పగబట్టి చేసింది కూడా కాదు. మోకాలు ఎక్కడుందో యంత్రం చెప్తుంది. ఎంత వంగితే ఒప్పో చెప్పేది రిఫరెన్స్ వీడియో. ఆ వీడియో ఎవరిది, ఎవరు ఎంచారు, ఎందుకు ఎంచారు, అక్కడుంది కులం.

మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ చెప్తాను. గుంటూరు జిల్లా వడ్డేశ్వరంలో కేఎల్ విశ్వవిద్యాలయం వాళ్ళు భారతీయ శాస్త్రీయ నృత్య భంగిమలని కంప్యూటరు చేత గుర్తుపట్టించే పని చేశారు. 2018లో వ్యాసం అచ్చయింది. పది మంది చేత 200 ముద్రలు, భంగిమలు చేయించి రికార్డు చేసుకున్నారు, యూట్యూబ్ నుంచి మరికొన్ని తీసుకున్నారు. అది గుర్తుపట్టే పరిశోధనే, పిల్లలకి మార్కులు వేసే యాప్ కాదు. మంచి పనే, నేను కాదనను. కానీ 200 భంగిమలనే ఎలా తీసుకోగలిగారు? వాటికి పేర్లు ఉన్నాయి కాబట్టి. యంత్రానికి నేర్పాలంటే ప్రతి బొమ్మ కింద పేరు రాయాలి. పేరు రాయాలంటే పుస్తకం ఉండాలి. మా పెద్దయ్య అడుగుకి పేరు లేదు, పుస్తకం లేదు. పుస్తకం ముట్టుకోనివ్వని వాళ్ళ ఆటకి పుస్తకం ఎక్కడి నుంచి వస్తుంది?

పుస్తకం అన్నాను కాబట్టి పుస్తకమే తెరుద్దాం. నందికేశ్వరుడి అభినయదర్పణం. కూచిపూడి, భరతనాట్యం పిల్లలు వల్లించే 28 అసంయుత హస్తాలు అందులోవే. ఆ పుస్తకంలోనే ఇంకో పట్టిక ఉంది, దాని గురించి వేదికల మీద పెద్దగా మాట్లాడరు. బ్రాహ్మణుణ్ణి చూపించడానికి ఒక హస్తం, క్షత్రియుడికి ఒకటి, వైశ్యుడికి ఒకటి, శూద్రుడికి ఒకటి. బ్రాహ్మణ హస్తంలో జంధ్యం కదిలించి చూపించాలి. నాలుగు వర్ణాలకి నాలుగు చేతులు చెప్పి, మిగతా జాతుల్ని వాళ్ళ వాళ్ళ పనుల్ని బట్టి పట్టుకోమంటుంది. ఎవరి చెయ్యి ఏదో ముందే రాసిపెట్టుకున్న పుస్తకం మీద నిలబడ్డ శాస్త్రానికి ఇప్పుడు కెమెరా తగిలించారు. నాట్యశాస్త్రం చివర భరతుడి కొడుకులు మునుల్ని వెక్కిరించి శూద్రులుగా పుట్టమని శాపం తెచ్చుకున్న కథ కూడా ఉంది. ఆడేవాడు కిందివాడే అని శాస్త్రమే ఒప్పుకుంది. ఆటని మాత్రం పైకి తీసుకుపోయారు.

ఎలా తీసుకుపోయారో మన కోస్తాలోనే జరిగింది. కళావంతుల ఆడవాళ్ళు తరాల తరబడి ఆడిన ఆట. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. దేవుడికి ఆడపిల్లని అంకితం చెయ్యడం ఆగాలి, అందులో రెండో మాట లేదు, జోగినీలంటే ఎవరి ఇంటి పిల్లలో మనకి తెలుసు. కానీ ఆడవాళ్ళు వేదిక దిగిపోయాక అదే కాలంలో ఆట వేరే ఇళ్ళలోకి గౌరవంగా నడిచి వెళ్ళింది. కూచిపూడి ఊళ్ళో వేషం కట్టింది బ్రాహ్మణ మగవాళ్ళు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళకే చాలాకాలం వేదిక లేదు. హర్షిత మృత్తింటి కామత్ 2019లో దీని మీద ఒక పుస్తకమే రాశారు, ఆ స్త్రీవేషం వెనక ఉన్న బ్రాహ్మణ మగతనం గురించి. చదవగలిగినవాళ్ళు చదవండి. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టాక ఆడపిల్లలు వేలల్లో వచ్చారు. అది మంచి మార్పే. అయితే ఆ వేలమందిలో మన పేటల నుంచి ఎంతమంది అని అడిగితే అందరూ కిందికి చూస్తారు.

మన ఉద్దానానికి ఆట అంటే ఏమిటో ఉద్దానమే చెప్పింది. బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకుని ఊరూరా తిరిగాడు. ఆయన పుట్టుక బ్రాహ్మణ పుట్టుకే, దాచేదేం లేదు. పట్టుకున్న వాయిద్యం మాత్రం కిందివాళ్ళది. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు. ఆ ఆటని అప్పట్లో సరిగ్గా మూల్యాంకనం చేసినవాళ్ళు పోలీసులే అనిపిస్తుంది నాకు. తర్వాత వంగపండు, గద్దర్ గజ్జెకట్టి ఆడినప్పుడు మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందని ఎవరూ కొలవలేదు, ఎంతమంది లేచి నిలబడ్డారన్నదే లెక్క.

పలాస 1978 సినిమా 2020 మార్చిలో వచ్చింది. పలాసలో దళిత అన్నదమ్ములు, జానపద కళాకారులు, వాళ్ళ కథ. అందులో ఒక పాట ఊరూరా పెళ్ళిళ్ళలో, కాలేజీ వార్షికోత్సవాల్లో, రీల్స్‌లో మోగిపోయింది. ఆ పాటకి స్టేజి మీద ఈల వేస్తారు. అదే అడుగుని మార్కుల పట్టికలో రాయమంటే చెయ్యి రాదు. ఈలకి పనికొచ్చే ఆట మార్కుకి ఎందుకు పనికిరాదు?

ఇక్కడ మన పేట కుర్రాడు ఒకడు, విశాఖలో ఎంఏ చేస్తున్నాడు, నాకు ఫోన్ చేసి వాదించాడు. వాడి వాదన బలమైనది, దాన్ని పక్కన పెట్టలేను. "అన్నా, నువ్వు యంత్రాన్ని తిడుతున్నావు. జడ్జీ కుర్చీలో కూర్చున్న మనిషి ఏం చేసేవాడో మర్చిపోయావా? పేరు అడుగుతాడు, ఊరు అడుగుతాడు, ఎవరబ్బాయివి అంటాడు, అప్పుడు మార్కు వేస్తాడు. యంత్రం ఇంటిపేరు అడగదు కదా. నాకు మనిషి కంటే యంత్రమే నయం."

నేను ఆ మనిషిని మర్చిపోలేదు. పదో తరగతిలో నేను డప్పు పట్టుకుని ఒక పోటీకి వెళ్తే, బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి నా ఆట అయ్యేదాకా కాగితం మీంచి తల ఎత్తలేదు. అయ్యాక, "ఇది వాయిద్యం విభాగంలో రాయించుకోవలసింది బాబూ, నాట్యం కాదు" అన్నాడు. ఇప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది, ఆ గొంతు చెవిలో ఉంది. కాబట్టి తమ్ముడూ, మనిషి గొప్పవాడని నేను ఎప్పుడూ అనను.

కానీ ఒక్కటి చూడు. ఆ పెద్దమనిషితో నేను తగువు పడగలిగాను. పడ్డాను కూడా. డప్పు నాట్యం ఎందుకు కాదో చెప్పమన్నాను, ఆయన మొహం ఎర్రబడింది, పక్కనున్న టీచరు నన్ను లాక్కుపోయాడు. ఓడిపోయాను గానీ అందరూ చూశారు. నలభై ఒకటితో ఎవరు తగువు పడతారు? ఎవరి మొహం ఎర్రబడుతుంది? నువ్వన్నట్టు యంత్రం ఇంటిపేరు అడగదు. ఆ పెద్దమనిషి ఎంచిన వీడియోని మాత్రం లోపల దాచుకుంటుంది. మా గుంట నన్ను అడిగిన ప్రశ్న ఆ కుర్రాణ్ణి అడిగితే అతను, "సిస్టమ్ అలా ఇచ్చిందండీ" అన్నాడు. పాపం, అతని దగ్గర అంతకంటే జవాబు లేదు.

సిస్టమ్ అలా ఇచ్చింది అనే మాట మన ఆడవాళ్ళకి కొత్త కాదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో రోజుకి రెండుసార్లు యాప్‌లో ఫొటో తప్పనిసరి చేశారు. కొబ్బరితోటల మధ్య సిగ్నల్ ఉండదు. ఫొటో ఎక్కకపోతే చేసిన పని చెయ్యనట్టే. పని చేశానని నిరూపించుకోవలసింది కూలిమనిషి, ఫొటో ఎందుకు ఎక్కలేదో నిరూపించవలసిన బాధ్యత యాప్‌కి లేదు. మన రాష్ట్రంలో 2022 ఆగస్టులో టీచర్ల హాజరుకి ముఖం గుర్తుపట్టే యాప్ పెడితే టీచర్లు గోల చేశారు. న్యాయమే. సంఘాలున్నాయి కాబట్టి గోల వినిపించింది. తొమ్మిదో తరగతి పిల్లకి ఏ సంఘం ఉంది?

ఏదో ఒకరోజు శిబిరమే కదా, ఇంత రాద్ధాంతమా అనేవాళ్ళకి ఒక మాట. 2020 జాతీయ విద్యావిధానంలో ప్రోగ్రెస్ కార్డు మారాలని రాశారు. పిల్ల బుద్ధినే కాదు, భావాల్నీ, చలన నైపుణ్యాల్నీ అందులో చూపించాలన్నారు. ఏళ్ళ తరబడి పిల్లల ఎదుగుదలని గమనించడానికి కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ తయారు చేసుకోవచ్చని కూడా అందులోనే ఉంది. రెండు వాక్యాలూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. వాటిని కలిపితే వచ్చేది ఆ టెక్కలి ట్యాబే. ఈ రోజు ఆటగా వేసిన నలభై ఒకటి రేపు కార్డులో అచ్చవుతుంది.

మీలో బీఈడీ చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు. మానసిక చలనాత్మక రంగం అని బట్టీపట్టారు కదా. ఎన్‌సీఈఆర్టీలో పనిచేసిన ఆర్.హెచ్. దవే 1970లో ఆ రంగానికి ఐదు మెట్లు వేశాడు. అన్నిటికంటే కింది మెట్టు ఏది? అనుకరణ. చూసి అలాగే చెయ్యడం. అన్నిటికంటే పై మెట్టు? నేర్చుకున్నది ఒంట్లో కలిసిపోయి, ఆలోచించకుండానే సహజంగా వచ్చెయ్యడం. ఇప్పుడు చెప్పండి. రిఫరెన్స్ వీడియోకి ఎంత దగ్గరగా ఉన్నావో కొలిచే యాప్ ఏ మెట్టుని కొలుస్తోంది? మన దేశపు విద్యావేత్త అట్టడుగున పెట్టినదాన్ని కొలిచి, దానికి నైపుణ్యం అని పేరు పెట్టి, పై మెట్టు మీద నిలబడి ఆడిన పిల్లకి ఎర్రచుక్కలు పెట్టింది. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే మీరు రాసే జవాబు ఏమిటో, శిబిరంలో చప్పట్లు కొట్టిన మాస్టార్ల జవాబు ఏమిటో పోల్చుకోండి.

అసలు కథ శిబిరం అయ్యాక జరిగింది. నిర్వాహకుల్లో పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. మర్యాదగా మాట్లాడింది. "మీరు చెప్పింది నిజమే సార్. మా డేటాలో డప్పు లేదు. పాపకి నేర్పిన పెద్దాయన్ని తీసుకురండి, రికార్డు చేసుకుంటాం, జానపదంలో యాడ్ చేసేస్తాం" అంది.

ఇక్కడ మనలో చాలామంది సంతోషపడిపోతారు. ప్రాతినిధ్యం దొరికిందంటారు. నేనూ ఒక్క క్షణం సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. తర్వాత రెండు సంగతులు గుర్తొచ్చాయి.

2018లో అమెరికాలో జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి ఆడవాళ్ళు ముఖాన్ని చూసి ఆడో మగో చెప్పే యంత్రాల్ని పరీక్షించారు. తెల్ల మగవాళ్ళ దగ్గర తప్పులు 0.8 శాతం మించలేదు, నల్లటి ఆడవాళ్ళ దగ్గర 34.7 శాతం దాకా పోయాయి. గొడవైంది. కంపెనీలు తప్పులు తగ్గించుకున్నాయి. తప్పు తగ్గింది, పెత్తనం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. రెండోది జలాయా హార్మన్ కథ. అట్లాంటా దగ్గర పద్నాలుగేళ్ళ నల్లజాతి పిల్ల, 2019లో ఒక చిన్న డాన్స్ కట్టి ఇంటర్నెట్‌లో పెట్టింది. అది టిక్‌టాక్‌లోకి పాకి ప్రపంచమంతా ఆడింది. దాంతో పేరు తెచ్చుకున్నది వేరే తెల్లపిల్లలు. కట్టింది ఈ అమ్మాయి అని 2020లో పత్రికలు రాసేదాకా లోకానికి తెలీదు. మన దగ్గర కూడా టిక్‌టాక్ ఉన్నంతకాలం పేటల పిల్లలు కూలిపని అయ్యాక అందులో ఆడారు, లక్షలమంది చూశారు, ఎవరూ మార్కులు వెయ్యలేదు. 2020 జూన్ 29న దాన్ని నిషేధించారు. దేశభద్రత సంగతి నేను మాట్లాడను. మన పిల్లలకి దొరికిన ఒక్క వేదిక పోయింది, దాని గురించి ఏ కళాకారుల సంఘమూ ఏడవలేదు.

కాబట్టి ఆ ఆవిడని అడిగాను. మా పెద్దయ్య వీడియో ఎక్కడ దాస్తారు? దాని కింద పేరు ఎవరు రాస్తారు? రేపు వద్దనుకుంటే తీసేస్తారా? పిల్లల వీడియోలు ఈ రోజు తీశారు కదా, 2023 డేటా చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, మా అప్ప సంతకం ఎక్కడుంది? రేపు కవిటిలోనో మందసలోనో ఇంకో గుంట ఇంకో రకంగా ఆడితే, మా పెద్దయ్యలా ఆడలేదని దానికి నలభై ఒకటి వేస్తారా? చివరి ప్రశ్నకి ఆవిడ నిజంగా ఆలోచనలో పడింది. అన్నిటికీ కలిపి, పైవాళ్ళని అడిగి చెప్తానంది. ఇంకా చెప్పలేదు.

పెద్దయ్య గురించి మీకు చెప్పాలి. ఆయన కిడ్నీ మనిషి. ఉద్దానంలో ఆ మాట చాలు, వివరం అక్కర్లేదు. పలాసలో వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎడమచేతికి ఫిస్టులా పెట్టారు. ఆ చేతి మీద బరువు పడకూడదు. అంటే డప్పు తగిలించుకోకూడదు. యాభై ఏళ్ళు డప్పు మోసిన భుజం అది. ఇప్పుడు నులకమంచం పట్టె మీద కుడిచేత్తో కొట్టి, మిగిలింది నోటితో చెప్పి పిల్లలకి నేర్పుతాడు. టెక్కలి ట్యాబ్ ముందు ఆయన్ని కూర్చోబెడితే ఎంత వస్తుందో నాకు తెలీదు. సున్నా రావచ్చు, అడుగే వెయ్యడు కదా.

ఆ సాయంత్రం నా ఫోన్‌లో గుంట ఆడిన వీడియో ఆయనకి చూపించాను. నలభై ఒకటి అని చెప్పాను. ఆయన నవ్వుతాడనో తిడతాడనో అనుకున్నాను. "నలభై ఒకటి ఎవులికి? గుంటకా, డప్పుకా?" అని అడిగి, వీడియో మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి చూసి, ఒకచోట ఆపమన్నాడు. "ఇక్కడ సూడు. తిరిగే కాడ తొందరపడిపోనాది. ఎందుకు? జోడీ మొకం సూణ్ణేదు. టీవీ సూసింది."

నాకు నోట మాట రాలేదు. నిజమే. తిరిగే చోట గుంట కళ్ళు తోటిపిల్ల మీంచి టీవీ మీదికి పోయాయి, చుక్కలు పచ్చగా ఉన్నాయా ఎర్రగా ఉన్నాయా అని. అక్కడే దెబ్బ తప్పింది. గుంట ఒప్పుకోలేదు ముందు, మూతి ముడిచింది. ఆయన పట్టె మీద కొట్టి చూపించాడు, తప్పు ఎక్కడో. మళ్ళీ కొట్టాడు, ఒప్పు ఎక్కడో. గుంట ఇంట్లోకి పోయి డప్పు తెచ్చుకుంది. ఆ రాత్రి పదింటిదాకా అదే ముక్క. పొగడ్త ఒక్కటి లేదు. ఆయన మూల్యాంకనం ట్యాబ్ కంటే కఠినం, నేను చిన్నప్పుడు తిన్న మొట్టికాయలే సాక్ష్యం.

ఫోన్‌ని మేం పారేయలేదు. పిల్లలు పెద్దయ్య కుడిచేతిని స్లో మోషన్‌లో తీశారు, ఆయన్ని అడిగే తీశారు. ఎక్కడ మణికట్టు తిరుగుతోందో, ఎక్కడ పుల్ల గాల్లో ఆగుతోందో ఆపి ఆపి చూసుకుంటున్నారు. ఆయన ఉన్నంతకాలమే ఆ చెయ్యి. నోట్‌బుక్కులో అడుగులకి పేర్లు పెడుతున్నారు, వాళ్ళకి తోచినవి. ఒకదాని పేరు కెరటం. ఒకదాని పేరు పిక్కల దెబ్బ, అది పేరు పెట్టింది మా అప్ప. ఒకచోట పెద్దయ్య ఊపిరి కోసం ఆగుతాడు, అది ఆటలో భాగమా జబ్బులో భాగమా అని పిల్లలు రెండు రోజులు తగువులాడుకున్నారు. ఆయన్ని అడిగితే, ఇప్పుడు ఆటే అయిపోయింది రాసీయండి అన్నాడు. రాశారు. మెమరీ కార్డు పేట అంబేద్కర్ సంఘం పెట్టెలో ఉంది. తాళంచెవి ఆడపిల్లల దగ్గర.

సంఘం తరఫున ఒక ఉత్తరం రాశాం, జిల్లా విద్యాశాఖకి ఇస్తాం. ఆటకి యంత్రం మార్కు ప్రోగ్రెస్ కార్డులో ఎక్కించొద్దని. సాధన కోసం వాడుకుంటామనే బడి వాడుకోవచ్చు, కానీ రిఫరెన్స్ వీడియో ఎవరిదో, ఎవరు ఎంచారో గోడ మీద రాసిపెట్టాలని. జానపదానికి మార్కు వేసే బల్ల దగ్గర ఆ ఆట ఆడే పేట నుంచి ఒక మనిషి కూర్చోవాలని, ఆ మనిషికి రోజుకూలి ఇవ్వాలని. సంతకాలు కావాలి. టెక్కలి, పలాస, సోంపేట వైపు విద్యార్థి సంఘాల వాళ్ళు ఇన్‌బాక్స్‌లోకి రండి, కాపీ పంపుతాను. దిద్దాల్సింది ఉంటే దిద్దండి.

గుంటకి వచ్చే నెల ఇంకో పోటీ ఉంది. అక్కడా ట్యాబ్ పెడతారట. డప్పు దించేది లేదంటోంది. పొద్దున్న వానకి చర్మం మెత్తబడితే గడ్డిమంట వేసి కాగబెట్టి వచ్చి ఇది రాస్తున్నాను.

జీడి కూలి భాగం వచ్చే ఆదివారం. ఈసారి తప్పకుండా.

జై భీమ్.